ఆ బండిది కాని బ్యాటరీ

ఫ్యూజు ఆ సందులోకి వచ్చేసరికి తొమ్మిదీ నలభై. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు వెనకగోడని ఆనుకుని చెల్లెలి కారు ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. తాళంచెవి దాని చోటులోనే వేలాడుతోంది. చెల్లెలు లేదు.

పక్కసీట్లో స్టీలు డబ్బా కనబడితే ముందు దాన్నే తీశాడు. మూత తెరిచాడు. ఒక్క ముద్ద కూడా తీసినట్టు లేదు.

"సూది ఎన్నింటికి వేసుకుంది?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"ఏడింటికి బావా," అన్నాడు చెల్లెలి మొగుడు. బళ్ళో డ్రాయింగ్ మాస్టరు. కారు తలుపుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, వదిలితే పడిపోతానన్నట్టు. "వేసుకుని ఏడూ ఐదుకి బయల్దేరింది. ఏడున్నరకల్లా ల్యాబ్‌లో కూర్చుని తింటుంది. రోజూ అంతే కదా."

రోజూ అంతే. పన్నెండో ఏట చెల్లెలికి షుగరు వచ్చింది. అప్పట్నించీ సూది వేసుకోవడం, అరగంటలో తినడం. వేసుకుని తినకపోతే ఏమవుతుందో ఫ్యూజు చిన్నప్పుడు ఇంట్లోనే రెండుసార్లు చూశాడు. మొదట చెమటలు, తర్వాత మాట తడబడటం, తర్వాత పిలిచినా పలక్కపోవడం. మూడోది చూడకూడదని ఆనాడే అనుకున్నాడు.

సూది పడి రెండు గంటల నలభై నిమిషాలైంది.

అతని అసలు పేరు వాళ్ళమ్మ తప్ప ఇంకెవరూ పిలిచేవాళ్ళు కాదు. పదిహేనేళ్ళు బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. ఎవరు ఏ బండి తెచ్చినా "ముందు ఫ్యూజు చూద్దాం" అనేవాడు. ఆ తర్వాత డిపో మానేసి డిటెక్టివ్ అయ్యాడు గాని పేరు మాత్రం డిపో దగ్గర దిగలేదు.

"చూసింది చాలు, ఇవతలికి రండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. జీపుకి ఆనుకుని నిలబడి చేతిగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. ఇద్దరికీ పాత లెక్క ఉంది. రెండేళ్ళ కిందట బస్సు తగలబడితే ప్రమాదమని రాసి ఫైలు మూసినవాడు ఇన్‌స్పెక్టరు. కాలిన వైరు ముక్క తెచ్చి, అది కావాలని పెట్టిన మంట అని రుజువు చేసినవాడు ఫ్యూజు. ఆ దెబ్బకి ఇన్‌స్పెక్టరు ప్రమోషన్ ఆగిపోయింది. ఇంకా ఆగే ఉంది.

"ఇందులో మిస్టరీ ఏమీ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ముప్ఫై ఏళ్ళ బండి. బ్యాటరీ చచ్చింది. ఆవిడే మెసేజ్ పెట్టింది. మాస్టారూ, చూపించండి."

డ్రాయింగ్ మాస్టరు ఫోను ముందుకి చాపాడు. మెసేజ్ ఏడూ యాభైకి వచ్చింది. 'కారు స్టార్ట్ కావట్లేదు. బ్యాటరీ పోయింది. లిఫ్ట్ దొరికింది, వెళ్తున్నా. కంగారు పడకు.' ఆ తర్వాత చెల్లెలి ఫోను ఆగిపోయింది. ఎనిమిదిన్నరకి మాస్టరు ల్యాబ్ ఇన్‌చార్జికి ఫోన్ చేస్తే ఇంకా రాలేదన్నాడు. తొమ్మిదికి బీటు కానిస్టేబులు ఈ కారు చూశాడు.

"ఇది అది రాసింది కాదు," అన్నాడు ఫ్యూజు.

"ఆవిడ ఫోనులోంచే వచ్చింది కదండీ."

"దానికి ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న ఈ కారు బానెట్ కింద నిలబెట్టి పాఠం చెప్పాడు. బండి స్టార్ట్ కాకపోతే అది లిఫ్ట్ అడగదు. స్పానరు అడుగుతుంది."

"భార్యాభర్తలు రాత్రి ఏమైనా పోట్లాడుకున్నారా మాస్టారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు తాపీగా. "కంగారు పడకు అని రాసి ఫోను ఆపేసిన ఆడవాళ్ళని నేను చాలామందిని చూశాను. సాయంత్రానికి వాళ్ళే వస్తారు."

మాస్టరు ముఖం పాలిపోయింది. ఫ్యూజుకి ఒళ్ళు మండింది గాని మాట తూలే తీరిక లేదు. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

టికటికటిక మంది. డాష్‌బోర్డు మీది ఎర్రలైటు కొడిగట్టిన దీపంలా అయింది. లైట్లు వేసి చూస్తే పసుపు చుక్కల్లా వెలిగాయి. సంచిలోంచి మీటరు తీసి బ్యాటరీకి రెండు మొనలూ ఆనించాడు. పదకొండు ఓల్టులు కూడా లేవు.

"నేను చెప్పిందేగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బ్యాటరీ దిగిపోయిన మాట నిజమే. ఎందుకు దిగింది అన్నది కావాలి. రెండు నెలల కింద కొత్తది నేనే వేశాను. లైట్లు ఆపే ఉన్నాయి. ఇంటి దగ్గర పొద్దున్న స్టార్ట్ అయింది కదా బావా?"

"తాళం తిప్పీ తిప్పగానే అయింది."

"ఇరవై నిమిషాలు నడిచిన బండిలో బ్యాటరీ ఇంకా నిండాలి గాని దిగదు. దిగిందంటే బండిలో ఛార్జింగ్ లేకపోవాలి. అది ఇప్పుడే తేల్చేద్దాం. మీ జీపు ఇటు తెండి."

"జీపు ప్రభుత్వానిది. మీ చెల్లెలి కారు స్టార్ట్ చెయ్యడానికి కాదు."

ఫ్యూజు బానెట్ కిందనుంచి బయటికొచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. డిపోలో ఎంత పెద్ద ఆఫీసరొచ్చినా తల దించనివాడు, ఆ పూట రెండు చేతులూ జోడించాడు.

"మీకు నా మీద కోపం ఉంది. ఉండాల్సిందే. అది నా దగ్గర తీర్చుకోండి, రేపు తీర్చుకోండి, మీ ఇష్టం. అది తినలేదు సార్. సూది వేసుకుని తినలేదు. నాకు మీ జీపు రెండు నిమిషాలు చాలు."

ఇన్‌స్పెక్టరు చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీపు డ్రైవరు వైపు చూసి చెయ్యి ఊపాడు.

జీపు బ్యాటరీ నుంచి రెండు కేబుళ్ళు లాగి తగిలించి తాళం తిప్పాడు ఫ్యూజు. ఇంజను అరచుట్టులో అందుకుంది. అంటే స్టార్టరు బాగుంది, వైర్లు బాగున్నాయి. కేబుళ్ళు పీకేసినా ఇంజను నడుస్తూనే ఉంది. మీటరు పెట్టాడు. పద్నాలుగుకి దగ్గరగా చూపించింది.

"చూడండి సార్. ఛార్జింగ్ నిక్షేపంలా ఉంది. ఈ కారులో ఏ బ్యాటరీ పెట్టినా దిగడానికి వీల్లేదు. కాబట్టి ఇది ఈ కారులో దిగలేదు."

"అంటే?"

"దిగిపోయిన బ్యాటరీని తెచ్చి ఇందులో పెట్టారు."

ఇంజను ఆపి వంగాడు. ఒకసారి అనుమానం పుట్టాక అన్నీ కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. బ్యాటరీ కూర్చునే రేకుతట్టలో ఇది పట్టక ఒక పక్కకి లేచి ఉంది. బిగించే బద్దీ నట్టు లేకుండా వేలాడుతోంది. పాజిటివ్ కేబులు అందక ఈడ్చి తగిలించారు. కేబుళ్ళ కొసలకి రెండు నెలల కింద తను పూసిన ఎర్ర గ్రీజు అలాగే ఉంది గాని, బ్యాటరీ సీసం బొడిపెల మీద మాత్రం ఏళ్ళనాటి తెల్లపొడి పేరుకుపోయి ఉంది. నట్ల అంచులు నలిగిపోయాయి. స్పానరు కాదు, పట్టకారు వాడారు.

"మెకానిక్కు కాదు," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. "బావా, డాష్‌బోర్డు గడియారం ఎంత చూపిస్తోంది?"

మాస్టరు లోపలికి తొంగి చూశాడు. "తొమ్మిదీ ముప్ఫై ఏడు." తన చేతి గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడు తొమ్మిదీ యాభై మూడు. నిన్న రాత్రే సరిచేశాను బావా, రేడియో పెట్టుకుని."

"కేబులు పీకితే అది ఆగుతుంది, తగిలిస్తే మళ్ళీ నడుస్తుంది. అంటే పదహారు నిమిషాలు ఇందులో బ్యాటరీ లేదు. తెలిసినవాడికి ఐదు నిమిషాల పని. వీడు పదహారు నిమిషాలు కుస్తీ పట్టాడు."

ఇన్‌స్పెక్టరు జీపుని వదిలి కారు దగ్గరికి వచ్చాడు. మొదటిసారిగా అతని గొంతులో వెటకారం తగ్గింది. "ఎందుకు మార్చినట్టు? ఎవడైనా దొంగిలించాలంటే ఉన్నది తీసుకుపోతాడు. తనది తగిలించి పోవడం ఏమిటి?"

"వాడి బండి ఇక్కడే ఆగిపోయింది సార్. ఈ సందులో. వాడి బండి స్టార్ట్ కాలేదు. మా చెల్లెలు ఎవరో ఇబ్బందిలో ఉన్నారని ఆపింది. దాని బ్యాటరీ పీకి వాడి బండిలో పెట్టుకుని, వాడిది ఇందులో పడేసి, దాన్ని కూడా తీసుకుపోయాడు. బ్యాటరీ పోయిందని రాస్తే అందరూ నమ్ముతారు. ఎందుకంటే నిజంగానే పోయి ఉంది."

ఆ మాటలు అంటూనే సంచిలోంచి ఆసిడ్ చిక్కదనం చూసే గాజుగొట్టం తీశాడు. ఆరు గదుల మూతలూ విప్పి ఒక్కొక్క దాంట్లో ముంచి చూశాడు. ఒక గది పాడైతే అదొక్కటే పల్చగా ఉండాలి. ఆరూ ఒకేలా పల్చగా ఉన్నాయి.

"ఇది జబ్బు బ్యాటరీ కాదు, పస్తున్న బ్యాటరీ," అన్నాడు. "వాడి బండిలో ఛార్జింగే లేదు. ఇప్పుడు మా చెల్లెలి బ్యాటరీ కూడా వాడి బండిలో ఇలాగే దిగిపోతుంది. వాడు ఎక్కడో అక్కడ మళ్ళీ ఆగుతాడు."

"ఎంతసేపట్లో?"

"బండిని బట్టి. ఏ బండో తెలియాలి." బొడిపె మీది తెల్లపొడిని గోటితో గీకాడు. సీసం మీద పంచు గుర్తు బయటపడింది. మూడు చుక్కలు, ఒక అడ్డగీత. ప్రతి బ్యాటరీ షాపూ తను అమ్మిన బ్యాటరీకి తన గుర్తు కొట్టుకుంటుంది. ఈ గుర్తు ఎవరిదో ఫ్యూజుకి తెలుసు. వెంటనే ఫోను కలిపి, అందరూ వినేట్టు స్పీకరు పెట్టాడు.

"ఏమోయ్, మీ గుర్తున్న బ్యాటరీ ఒకటి దొరికింది. పెద్ద సైజు, నాలుగేళ్ళ పాతది. పక్కన పచ్చరంగుతో ఏదో రాసి గీకేశారు."

"పచ్చరంగా? అది నీళ్ళ ల్యాబ్ వ్యానుది ఫ్యూజుగారూ," అన్నాడు షాపాయన తడుముకోకుండా. "నా ప్రాణం తీసిన బ్యాటరీ. ఈ నెలలో మూడుసార్లు ఛార్జింగ్‌కి తెచ్చారు. బాబూ, బ్యాటరీకి ఏ రోగమూ లేదు, ఛార్జి చేసే ఆల్టర్నేటర్ చూపించుకోండి అని మొత్తుకున్నాను. వింటేగా. అందులో మళ్ళీ శాంపిళ్ళు పెట్టే చల్లపెట్టె ఒకటి. వ్యాను కదిలిందంటే అదీ నడుస్తుంది. దాన్ని ఆపే స్విచ్చి విరిగిపోయి ఆర్నెల్లైంది."

ఫ్యూజు ఫోను పెట్టేశాడు. నీళ్ళ ల్యాబ్ అంటే చెల్లెలు పనిచేసే చోటు. ఊరికి వదిలే నీళ్ళని పరీక్ష చేసే ల్యాబ్. వాళ్ళ వ్యాను కనబడితే ఆగకుండా ఎలా పోతుంది?

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "చల్లపెట్టె ఒక్కటే గంటకి పదిహేను ఆంపియర్లు లాగుతుంది. ఇంజను మండటానికి ఇంకో నాలుగైదు. నేను వేసింది నలభై ఐదుది. రెండు గంటలు. ఏడూ నలభై ఐదుకి బయల్దేరాడనుకుంటే..."

చేతి గడియారం చూశాడు. పది కావస్తోంది.

"ఈపాటికి ఆగిపోయి ఉంటాడు," అన్నాడు.

మాస్టరుని ఆసుపత్రులన్నీ చూడమని పంపేసి, ఇద్దరూ జీపెక్కారు. దారిలో ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్‌లో ల్యాబ్ తెల్ల వ్యాను కోసం చూడమని రెండుసార్లు చెప్పాడు.

వ్యాను కోసం దారిలో సందులన్నీ వెతుక్కుంటూ వచ్చి, పదీ ఇరవై ఐదుకి ల్యాబ్ మెట్లెక్కారు. ఇన్‌చార్జి తన గదిలో కూర్చుని కాగితాలు తిరగేస్తున్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. లేచి నిలబడి, "ఏమైనా తెలిసిందా?" అన్నాడు. "అమ్మాయి ఎప్పుడూ ఆలస్యంగా రాదు. మాకూ మనసు మనసులో లేదు."

"మీ వ్యాను ఎక్కడ?" అన్నాడు ఫ్యూజు.

"షెడ్డులో. పది రోజులై కదల్లేదు. స్టార్టింగ్ ట్రబులు."

"షెడ్డు తాళం వేసే ఉంది గాని తలుపు సందులోంచి చూశాను. లోపల వ్యాను లేదు."

ఇన్‌చార్జి బల్ల మీది కాగితాలు సర్దాడు. "అయితే డ్రైవరు మెకానిక్కు దగ్గరికి తోసుకుపోయాడేమో. వాడు సెలవులో ఉన్నాడు. కనుక్కుంటాను."

"సెలవులో ఉన్నవాడు తోసుకుపోయాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు ఇవాళ ఎన్నింటికి వచ్చారు?" అన్నాడు ఫ్యూజు.

"ఎప్పట్లాగే ఎనిమిదికి."

గుమ్మం దగ్గర ఊడుస్తున్నావిడ చీపురు ఆపి, "పది దాటాక కదా అయ్యగారూ వచ్చారు, ఆటోలో," అంది. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. గుర్తు చేస్తున్నట్టే అంది.

ఫ్యూజు బల్ల చుట్టూ తిరిగి అతని పక్కకొచ్చాడు. ప్యాంటు మోకాలి దగ్గర బొట్లుబొట్లుగా రంగు వెలిసింది. ఒకచోట గుడ్డ చివికి కన్నం పడింది.

"ఆసిడ్," అన్నాడు ఫ్యూజు.

"ల్యాబ్ అండీ ఇది. రోజుకోసారి పడుతుంది."

"మరి ఈ ఎర్ర గ్రీజు కూడా రోజూ పడుతుందా?" కుడిచేతి మణికట్టు పట్టుకుని గడియారం పట్టీ పైకి తిప్పాడు. పట్టీ మడతలో ఎర్రటి జిగురు ఇరుక్కుని ఉంది. "రెండు నెలల కింద నా వేలితో నేను పూసింది ఇది. మా చెల్లెలి కారులో. చెయ్యి కడుక్కున్నారు గాని పట్టీ విప్పలేదు. ఎక్కడుంది అది?"

ఫ్యూజు అతని చొక్కా కాలరు పట్టుకుని గోడకి ఆనించాడు. ఇన్‌స్పెక్టరు వెనకనుంచి భుజం పట్టి లాగాడు. "వదలండి. గొంతు పట్టుకుంటే ఎలా చెప్తాడు?"

"మీరు వదలండి సార్. మూడున్నర గంటలైంది."

"నేనూ లెక్కపెడుతున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఫ్యూజుని పక్కకి నెట్టి తనే ఇన్‌చార్జి ముందు నిలబడ్డాడు. నింపాదిగా అన్నాడు. "చూడండి. ఆ అమ్మాయి షుగరు సూది వేసుకుని ఏమీ తినలేదు. ఈ సంగతి మీకు తెలుసా?"

ఇన్‌చార్జికి తెలియదని అతని ముఖమే చెప్పింది. కుర్చీలో కూలబడ్డాడు.

"నేను ఆమెని ఏమీ చెయ్యలేదండీ," అన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు. రెండో ట్యాంకులో ఫ్యాక్టరీ మురుగు కలిసింది. నీళ్ళు బాగున్నాయని నేను కిందటి వారమే సంతకం పెట్టాను. పెట్టమన్నారు, పెట్టాను. ఈ అమ్మాయి నాకు చెప్పకుండా మళ్ళీ శాంపిళ్ళు తీసింది. మూడింటికి మీటింగులో చూపిస్తానంది. ఆ సీసాలు ఎక్కడైనా పారబోసి, మామూలు నీళ్ళు నింపి పెడదామని పొద్దున్నే వ్యాను తీశాను. ఆ సందులో అది చచ్చి ఊరుకుంది. ఇంతలో ఈ అమ్మాయి కారు వచ్చింది. ఏమైంది సార్, నేను చూస్తానంటూ దిగింది. స్పానర్లు వెనక ఉంటాయి కదా అని వెనకతలుపు తీసింది. సీసాలు చూసింది."

"ఊఁ."

"నన్ను ఒక చూపు చూసింది. అంతే, నాకేమైందో నాకే తెలీదు. లోపలికి తోసి తలుపేశాను. ఆమె ఫోను కారు సీట్లోనే ఉంది, దాంతో మెసేజ్ పెట్టి ఆపేశాను. మీటింగు అయ్యేదాకా ఎక్కడైనా ఉంచి, కాళ్ళు పట్టుకుందాం అనుకున్నాను. ఎక్కడ ఉంచాలో తోచక ఊరంతా తిప్పాను. కాసేపు తలుపు కొట్టింది. తర్వాత కొట్టలేదు. కోపం తగ్గింది కాబోలు అనుకున్నాను."

ఫ్యూజు కిటికీ చువ్వ పట్టుకున్నాడు. కోపం తగ్గలేదు, చెల్లెలికి చెయ్యి లేవలేదు. ఆ తేడా తెలిసినవాడు ఆ వ్యాను నడుపుతున్నవాడు కాకపోయె.

"వ్యాను ఎక్కడ ఆగింది?"

"గూడ్సు షెడ్డు దగ్గర మలుపులో. తొమ్మిదీ నలభైకి. తాళం వేసి ఆటోలో వచ్చాను. ఇంకో బ్యాటరీ దొరుకుతుందేమోనని ల్యాబ్ అంతా వెతికాను."

ఇన్‌స్పెక్టరు వైర్‌లెస్ అందుకుని గూడ్సు షెడ్డు దగ్గరున్న కానిస్టేబుల్ని పిలిచాడు. మలుపులో తెల్ల వ్యాను ఉందా అని అడిగాడు. జవాబు ముగ్గురికీ వినబడింది.

"లేదు సార్. ఇందాక ఉండేది. లారీలకి అడ్డంగా ఉందని క్రేన్‌తో లేపేశాం సార్. పదీ ఐదుకి. మీరే కదా సార్ పొద్దున్న ఆ రోడ్డు మీద ఏ బండీ కనబడకూడదన్నారు."

"లేపి ఎక్కడ పడేశారు?"

"మన స్టేషన్ వెనక సార్. పాత బళ్ళ పక్కన."

ఇన్‌స్పెక్టరు చేతిలో వైర్‌లెస్ అలాగే ఉండిపోయింది. తెల్ల వ్యాను కోసం చూడమని ఊరంతటికీ చెప్పాడు. ఇందాకట్నించీ అది అతని ఆఫీసు కిటికీ వెనకే ఉంది. లోపల ఎవరైనా ఉన్నారేమోనని ఒక్కడూ తొంగి చూడలేదు.

"తాళంచెవి," అన్నాడు ఫ్యూజు. ఇన్‌చార్జి జేబులోంచి తీసి ఇచ్చాడు.

స్టేషన్‌కి ఎనిమిది నిమిషాల దారి. ఇన్‌చార్జిని వెనకసీట్లో ఎక్కించి, ఇన్‌స్పెక్టరు డ్రైవర్ని పక్కకి జరగమని తనే నడిపాడు. ఐదు నిమిషాల్లో వెళ్ళారు.

ఫ్యూజు తొందరకి తాళం రెండుసార్లు తప్పింది. మూడోసారి తిరిగింది. లోపల గాలి వెచ్చగా, మందు వాసనగా ఉంది. బ్యాటరీ దిగాక చల్లపెట్టె కూడా ఆగిపోయింది. సీసాల అరల మధ్య చెల్లెలు ఒక పక్కకి ఒరిగి పడి ఉంది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"అమ్మలూ," అన్నాడు. పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి ఉంది.

"పంచదార," అని అరిచాడు. స్టేషన్ వంటగదిలోంచి ఎవరో డబ్బా పట్టుకొచ్చారు. మింగలేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకూడదని చిన్నప్పుడు డాక్టరు చెప్పింది ఫ్యూజుకి ఇంకా గుర్తే. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, పొడి పంచదార వేలితో చిగుళ్ళకి రాశాడు. మళ్ళీ రాశాడు. మళ్ళీ రాశాడు. ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తల పట్టుకున్నాడు. అతని టోపీ ఎక్కడో పడిపోయింది. తీసుకోలేదు.

జీపులో వెనకసీట్లో చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు ఫ్యూజు. ఆసుపత్రి గేటు దగ్గర ఆమె కనురెప్పలు కదిలాయి. డాక్టర్లు పరుగున వచ్చి నరానికి గ్లూకోజు ఎక్కించారు. పదకొండూ ఇరవై ఐదుకి కళ్ళు తెరిచింది. ఎదురుగా అన్నని చూసింది.

"ఆల్టర్నేటర్," అంది, గొంతు పెగలక.

ఫ్యూజుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తెలుసులే. నువ్వు మాట్లాడకు."

"మాట్లాడాలి అన్నయ్యా. సీసాలు... రెండో ట్యాంకు."

"అన్నీ దొరికాయి. ఆయన చెప్పేశాడు. మూడింటి మీటింగుకి ఇన్‌స్పెక్టరుగారే పట్టుకెళ్తారు. నువ్వు కాసేపు పడుకో."

ఆమె తల అడ్డంగా ఊపింది. మాట కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. "మీటింగు మూడింటికి. నీళ్ళు పన్నెండింటికి. ఇవాళ మొదటి ట్యాంకు కడుగుతున్నారు. ఊరంతటికీ రెండోదే వదులుతారు. అందుకే పొద్దున్నే వచ్చి ఆపించాలనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటాడు. నడవాలో వైర్‌లెస్‌లో అతను కేకలేస్తున్నది వినబడుతోంది. పంపుహౌసు ఫోను ఎవరూ ఎత్తడం లేదట. దగ్గర్లో ఎవరున్నా పరిగెత్తమంటున్నాడు. ఫ్యూజు చెల్లెలి చెయ్యి నెమ్మదిగా మంచం మీద పెట్టి లేచాడు. గోడ గడియారం పదకొండూ ముప్ఫై ఐదు. ఇరవై ఐదు నిమిషాలున్నాయి. పంపుహౌసుకి జీపులో పదిహేను నిమిషాలు. సరిపోతుంది. రెండో ట్యాంకు వాల్వు తిప్పకముందే చేరుకోవచ్చు.

నర్సు లోపలికి వచ్చింది. చేతిలో గ్లాసు, గ్లాసులో చెంచా. "మెలకువ వచ్చిందిగా, ఇంక నోటితో కూడా పట్టించమన్నారు డాక్టరుగారు. గ్లూకోజు నీళ్ళు," అంటూ చెంచాతో కలుపుతోంది. చెల్లెలు ఆరిపోయిన పెదాలతో గ్లాసు వైపు చెయ్యి చాపింది.

ఫ్యూజు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, నర్సు చేతి మీద చెయ్యి వేసి గ్లాసు ఆపాడు.

"ఈ నీళ్ళు ఎక్కడివమ్మా?"

"కుళాయివేనండీ," అంది నర్సు. "ఇవాళ అరగంట ముందే వదిలారు."